ఉక్కునగరి గడప దాటితే కొండకోనల సీమ

సముద్రం లేని ఝార్ఖండ్ అతిథుల కోసం ఎదురుచూస్తోంది. కొండల మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఇంకా తెగలేదు

జంషెడ్‌పూర్: సముద్రతీరం లేని రాష్ట్రాల్లో ఝార్ఖండ్ ఒకటి. ఉత్తరాన బీహార్, వాయవ్యాన ఉత్తరప్రదేశ్, పడమట ఛత్తీస్‌గఢ్, దక్షిణాన ఒడిశా, తూర్పున పశ్చిమబెంగాల్ దీనిని చుట్టుముట్టి ఉన్నాయి. 2000 నవంబరు 15న బీహార్ నుంచి విడివడి అవతరించిన ఈ రాష్ట్రం పేరు చెప్పగానే తెలుగువారికి స్ఫురించేవి ఇనుము, బొగ్గు, టాటా కర్మాగారం. పొట్ట చేతపట్టుకొని ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి తరలివచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొండలను చూడటానికే బయలుదేరి వచ్చేవారు మాత్రం అరుదు.

నిజానికి ఈ రాష్ట్రంలో అధిక భాగం ఛోటానాగ్‌పూర్ పీఠభూమి. హిమాలయాల మాదిరి మంచు శిఖరాలు ఇక్కడ లేవు. గుండ్రని కొండలు, సాల వృక్షాల అడవులు, ఎర్రమట్టి దారులు, వర్షాకాలంలో ఉరికే జలపాతాలు ఈ నేల సొత్తు. భూభాగంలో దాదాపు 30 శాతం అడవే. గనుల సంపదకు ఏనాడూ లోటు లేకపోయినా, 2023లో నీతి ఆయోగ్ వెలువరించిన బహుముఖ పేదరిక నివేదిక ప్రకారం 2019-21 నాటికి రాష్ట్ర జనాభాలో 28.81 శాతం పేదరికంలో ఉన్నారు. ఈ లెక్కలో బీహార్ తర్వాతి స్థానం ఝార్ఖండ్‌దే. ఖనిజం బయటికి తరలిపోగా మిగలని ఆదాయం, అతిథులు వస్తే అయినా గ్రామాల్లో మిగులుతుందా అన్నది ఇప్పుడు ఈ రాష్ట్రం ముందున్న ప్రశ్న.

రెండు నదుల నడుమ

యాత్రికుడికి ఈ రాష్ట్రంలో అనుకూలమైన ముఖద్వారం జంషెడ్‌పూర్. భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ 1904 ఫిబ్రవరిలో జంషెడ్జీ టాటాకు ఒక లేఖ రాశారు. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసానీ కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని అందులో తెలియజేశారు. అదే ఏడాది జంషెడ్జీ కన్నుమూశారు. 1907లో ఆయన వారసులు నెలకొల్పిన సంస్థ, సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమానికి చేరువలోని సాక్చీ గ్రామాన్ని కర్మాగారానికి ఎంచుకుంది. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి పట్టాలు బ్రిటిష్ సేనలకు అక్కరకు వచ్చాయి. అందుకు గుర్తింపుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలీమాటీ రైల్వేస్టేషన్ టాటానగర్‌గా మారింది.

విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలను ఖరగ్‌పూర్ మీదుగా ఈ పట్టణంతో కలిపినది నాటి బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే. ఆ పట్టాల వెంటే తెలుగు కార్మికులు కొలిమి దగ్గరికి చేరారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్రా అసోసియేషన్ ఆ వలసకు నిలిచిన గుర్తులు. పని కోసం వచ్చినవారు ఊరు కాని ఊళ్లో గుడి కట్టుకొని, భాషను నిలుపుకొని, తరాలు గడిపారు.

కర్మాగారం స్వర్ణోత్సవాల సందర్భంగా 1958లో ప్రధాని నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు నేటికీ పట్టణవాసుల సాయంకాలపు విడిది. నదులు రెండూ కలిసే దోముహానీ, దల్మా కొండల పాదాన ఉన్న డిమ్నా జలాశయం చూడదగినవి. సమీపంలోని సరాయికేలా ముసుగులు ధరించి ఆడే ఛౌ నృత్యానికి పుట్టిల్లు. ఛౌ నృత్యాన్ని యునెస్కో 2010లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఏనుగుల దారి

పట్టణం నుంచి తల ఎత్తి చూస్తే కనిపించేవి దల్మా కొండలు. మూడు వేల అడుగులకు పైగా ఎత్తున్న శిఖరం మీద గుహలో శివాలయం ఉంది. చుట్టూ దాదాపు 195 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యం విస్తరించింది. వేసవిలో నీటి కోసం ఏనుగులు ఇక్కడి మడుగుల వద్దకు చేరుతాయి. పంట చేతికి వచ్చే కాలంలో మందలుగా పశ్చిమబెంగాల్‌లోని మేదినీపూర్, బాంకురా వరిచేల వైపు సాగిపోతాయి. 1980వ దశకం చివరి నుంచి ఏటా కొనసాగుతున్న ఈ వలసలో పంటలకు, ప్రాణాలకు నష్టం వాటిల్లుతోంది. ఏనుగును చూడాలని పట్టణవాసి ఉబలాటపడితే, అదే ఏనుగు రాకను తలచుకొని రైతు రాత్రంతా మేలుకొంటాడు.

దల్మా ఆదివాసులకు ఆరాధ్య స్థలం కూడా. వేసవిలో వారు జరుపుకొనే సేంద్రా అనే సంప్రదాయ వేట పండుగ సమయంలో, జంతువులను చంపకుండా ఆచారం వరకే పరిమితం కావాలని అటవీశాఖ నచ్చజెబుతూ వస్తోంది. ఆచారం ఒక వంక, చట్టం మరొక వంక నిలిచే ఈ సన్నివేశం దల్మాలో ఏటా ఎదురయ్యేదే.

కొండల అవతల సువర్ణరేఖ మీద చాండిల్ జలాశయం ఉంది. నీలిరంగు నీరు, చుట్టూ కొండలు, పడవ విహారం యాత్రికులను ఆకట్టుకుంటాయి. ఈ నీటి అడుగున ఊళ్లు ఉన్నాయి. ప్రాజెక్టు వల్ల వందకు పైగా గ్రామాలు ముంపు బారినపడ్డాయి. పరిహారం, పునరావాసం కోసం ఆందోళనలు దశాబ్దాల పాటు సాగాయి. నిర్వాసితులే సహకార సంఘంగా ఏర్పడి అదే జలాశయంలో వలల పంజరాలు అమర్చి చేపలు పెంచడం ఆరంభించారు. ఊరిని ముంచిన నీటిలోనే వారు బతుకుదెరువు వెదుక్కున్నారు. పర్యాటకం ఎవరికి మేలు చేయాలన్న ప్రశ్నకు చాండిల్ ఇచ్చే జవాబు ఇదే.

జలపాతాలు, సూర్యాస్తమయాలు

సువర్ణరేఖ వెంట ఎగువకు వెళితే రాంచీ పీఠభూమి వస్తుంది. నది ఒక్కసారిగా 98 మీటర్ల లోతుకు దూకే చోటు హుండ్రూ జలపాతం. ఉపనది కాంచీ మీద ఉన్నది దస్సం జలపాతం. వానలు వెనకపట్టాక, అక్టోబరు నుంచి ఈ జలపాతాలు చూడటానికి అనువు. వర్షాకాలంలో రాళ్లు జారుతాయి, ప్రవాహం హఠాత్తుగా పెరుగుతుంది.

పడమటి దిక్కున లాతేహార్ జిల్లాలోని నేతర్‌హాట్‌కు ఛోటానాగ్‌పూర్ రాణి అని పేరు. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తులో, అంటే మన అరకులోయ కన్నా ఎత్తున, ఉన్న ఈ విడిది సూర్యోదయ, సూర్యాస్తమయాలకు ప్రసిద్ధి. ఇక్కడ 1954లో నెలకొల్పిన గురుకుల విద్యాలయానికి మంచి పేరుంది. రాష్ట్రంలో అన్నింటికన్నా ఎత్తైన లోధ్ జలపాతం, 1973లో పులుల సంరక్షణ పథకం ఆరంభంలో ఎంపికైన తొమ్మిది అరణ్యాల్లో ఒకటైన పలామూ, అందులో బేత్లా జాతీయ ఉద్యానం ఈ వైపే ఉన్నాయి. అడవి మధ్య చేరో రాజుల కోటల శిథిలాలు కనిపిస్తాయి.

సూర్యాస్తమయం చూడటానికి వచ్చేవారిలో చాలామందికి తెలియని చరిత్ర ఒకటి ఈ కొండలకు ఉంది. సైనిక ఫిరంగుల అభ్యాసం కోసం ఇక్కడి భూములను ప్రభుత్వం కేటాయించగా, 245 గ్రామాలకు ముప్పు ఏర్పడిందంటూ ప్రజలు ఉద్యమించారు. 1994 మార్చిలో సైనిక వాహనాలను అడ్డగించి వెనక్కు పంపారు. ఆనాటి నుంచి ఏటా మార్చి 22, 23 తేదీల్లో అక్కడ సమావేశమవుతూ వచ్చారు. 2022లో గడువు ముగిసిన ఆ ఉత్తర్వును ఇక పొడిగించరాదని అదే ఏడాది ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది.

ఒకే కొండ, ఇద్దరు దేవుళ్లు

గిరిడీ జిల్లాలోని పారస్‌నాథ్ 1,365 మీటర్లతో రాష్ట్రంలోకెల్లా ఎత్తైన కొండ. ఇరవై నలుగురు తీర్థంకరుల్లో ఇరవై మంది నిర్వాణం పొందిన స్థలంగా జైనులు దీనిని సమ్మేద్ శిఖర్జీ అని కొలుస్తారు. కొండ ఎక్కి, శిఖరాలన్నీ చుట్టి దిగడానికి 27 కిలోమీటర్లు నడవాలి. సంతాలులు ఇదే కొండను మరాంగ్ బురు, అంటే మహాపర్వతం అని పిలిచి తమ దైవంగా పూజిస్తారు.

2019లో కేంద్రం కొండ పరిసరాలను పర్యావరణ సున్నిత మండలంగా ప్రకటిస్తూ పర్యావరణ పర్యాటకానికి వీలు కల్పించింది. విహారయాత్రికుల తాకిడితో తీర్థం పవిత్రత చెడుతుందని 2022 డిసెంబరులో దేశవ్యాప్తంగా జైనులు వీధుల్లోకి వచ్చారు. 2023 జనవరి 5న కేంద్రం ఆ పర్యాటక నిబంధనలను నిలిపివేసి, మద్యం, మాంసం, పెద్దశబ్దంతో సంగీతం వంటివాటి మీద నిషేధాన్ని కచ్చితంగా అమలు చేయాలని ఆదేశించింది. వెంటనే సంతాలులు తమ హక్కు సంగతేమిటని నిలదీశారు. తమ పూజల్లో బలి ఒక భాగమని, ఒక మతం నియమాలు తమ ఆచారానికి అడ్డు కారాదని వారి వాదన. కొండను కాపాడాలన్న మాట ఇద్దరిదీ. ఎవరి తీరున కాపాడాలన్న దగ్గరే పేచీ.

నేల మీద హక్కు

జంషెడ్‌పూర్‌లో కర్మాగారానికి అంకురార్పణ జరిగిన మరుసటి ఏడాదే, 1908లో, ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. బ్రిటిష్ పాలకులపై తిరుగుబాటు చేసిన బిర్సా ముండా 1900లో రాంచీ జైలులో పాతికేళ్ల ప్రాయంలో మరణించిన తర్వాత, ఆ పోరాట ప్రభావంతో వెలువడిన శాసనమిది. ఆదివాసుల భూమి ఇతరుల పరం కాకుండా కాపాడటం దీని ఉద్దేశం. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఎటువంటిదో ఇక్కడ ఇది అటువంటిది. 2016లో దీనిని సవరించడానికి రాష్ట్ర శాసనసభ ఆమోదించిన బిల్లును నాటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము 2017లో తిప్పిపంపారు. ప్రభుత్వం దానిని ఉపసంహరించుకుంది. బిర్సా జన్మస్థలమైన ఖూంటీ జిల్లా ఉలిహాతూను కూడా యాత్రికులు దర్శిస్తున్నారు.

దక్షిణాన ఏడు వందల కొండల సీమగా పేరొందిన సారండాలో సాల వనాల కిందనే ఇనుప ఖనిజం ఉంది. అక్కడ వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆదివాసుల అటవీ హక్కులకు భంగం కలగరాదని కూడా స్పష్టం చేసింది.

వెళ్లేవారికి

అక్టోబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో సాల వృక్షాలు పూతపట్టినప్పుడు ఆదివాసులు సర్హుల్ పండుగ జరుపుకొంటారు. విశాఖ వైపు నుంచి రాయగడ, సంబల్‌పూర్, రూర్కెలా మీదుగా గానీ, భువనేశ్వర్, ఖరగ్‌పూర్ మీదుగా గానీ రైలులో టాటానగర్ చేరవచ్చు. విమానంలో వచ్చేవారికి రాంచీ దగ్గర. తసరు పట్టు, లక్క వస్తువులు ఇక్కడి అడవుల ఉత్పత్తులు. పెద్ద దుకాణాల కన్నా గ్రామ సంతల్లో, సహకార సంఘాల్లో కొంటే సొమ్ము నేరుగా చేసినవారికి అందుతుంది. ఊరి చివర సాల చెట్ల గుంపు కనిపిస్తే అది సర్నా, అంటే ఆదివాసుల దేవతావనం కావచ్చు. అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టరాదు.

రాంచీ సమీపంలో పుట్టిన సువర్ణరేఖ హుండ్రూ దగ్గర దూకి, చాండిల్ దగ్గర ఆగి, జంషెడ్‌పూర్‌ను ఒరుసుకొని చివరకు బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ రాష్ట్రపు ఖనిజం కూడా నూరేళ్లకు పైగా ఇలాగే బయటికి తరలిపోతూనే ఉంది. కొత్తగా వచ్చే అతిథి సొమ్ము కూడా అదే దారి పట్టకుండా కొండ మీది ఊళ్లో నిలవాలంటే, ఆ కొండ ఎవరిదో ముందుగా గుర్తించాలి. ఆ పని ప్రభుత్వంతోపాటు యాత్రికుడిది కూడా.