ఉద్యోగం వెతుకుతున్నారా? పైసా ఖర్చు లేని ఈ సర్కారీ దారులు చూశారా?

రెజ్యూమె పదుల సంఖ్యలో కంపెనీలకు పంపినా ఒక్క ఫోన్ కూడా రావడం లేదా? ఇలాంటప్పుడే ‘రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఆఫర్ లెటర్ పంపిస్తాం’ అనే వాట్సాప్ మెసేజ్‌కు చాలామంది లొంగిపోతుంటారు. ఆ డబ్బు కట్టే ముందు ప్రభుత్వం ఉచితంగా అందిస్తున్న ఈ సేవల గురించి తెలుసుకోండి.

ఎన్‌సీఎస్ పోర్టల్ అంటే ఏమిటి?

నేషనల్ కెరీర్ సర్వీస్. కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ 2015 జులైలో దీన్ని ప్రారంభించింది. ప్రభుత్వ ఖాళీలే కాదు, ప్రైవేటు ఉద్యోగాలు, జాబ్ మేళాల వివరాలు కూడా ఇందులో ఉంటాయి. నమోదుకు రుసుం లేదు. సందేహాలుంటే 1514కు ఫోన్ చేయొచ్చు.

పేరు నమోదు చేసి వదిలేస్తే మాత్రం ఫలితం ఉండదు. ‘ఏ పనైనా చేస్తాను’ అని రాసే బదులు ట్యాలీ, ఏసీ మెకానిక్, డ్రైవింగ్ లైసెన్స్... ఇలా మీకు వచ్చిన పనిని విడివిడిగా రాయండి. కంపెనీలు ఆ పదాలతోనే వెతుకుతాయి.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ఇంకా పనికొస్తుందా?

కొంతవరకు. 1959 నాటి చట్టం ఖాళీల సమాచారాన్ని ఎక్స్ఛేంజ్‌కు తెలపాలని చెప్పిందే తప్ప, అక్కడి వారినే తీసుకోవాలని చెప్పలేదు. అందుకే కార్డు ఉన్నంత మాత్రాన కబురు వస్తుందని ఎదురు చూడొద్దు. అలాగని మానేయాల్సిన పనీ లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకోవచ్చు. రెన్యువల్ తేదీ మర్చిపోతే సీనియారిటీ పోయే ప్రమాదం ఉంది. తెలంగాణలో ప్రైవేటు ఉద్యోగాల కోసం ‘డీట్’ వేదిక ఉంది. ఏపీలో నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు నిర్వహిస్తుంటుంది.

అనుభవం లేదంటున్నారు... ఎలా?

ఫ్రెషర్లకు అప్రెంటిస్‌షిప్ మంచి దారి. 1961 అప్రెంటిసెస్ చట్టం నిబంధనల ప్రకారం, 30 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంటే మీ ఊళ్లోని పెద్ద ఫ్యాక్టరీలోనో, ఆసుపత్రిలోనో అవకాశం ఉండొచ్చు. డిగ్రీ, డిప్లొమా చేసినవారు ‘నాట్స్’ పోర్టల్‌లో, ఐటీఐ చేసినవారు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో చూడాలి. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. తర్వాత అదే సంస్థ ఉద్యోగం ఇస్తుందన్న హామీ లేదు. కానీ అనుభవం, సర్టిఫికెట్ మీ చేతిలో ఉంటాయి.

విదేశాల్లో ఉద్యోగం అంటే?

ఇక్కడ మరింత జాగ్రత్త అవసరం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియాకు తీసుకెళ్లి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన ఉదంతం 2024లో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో బయటపడింది. అందుకే ఏజెంటు పేరు కేంద్ర విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉందో లేదో ముందుగా చూడండి. అక్కడ లేకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. పని చేయడానికి వెళ్తూ విజిట్ వీసా ఇస్తామంటే అక్కడితో ఆగిపోండి. తెలంగాణవాసులు ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’ను సంప్రదించొచ్చు.

మోసాన్ని ఎలా గుర్తించాలి?

* ఇంటర్వ్యూ లేకుండానే ఆఫర్ లెటర్ పంపడం
* ట్రైనింగ్, ల్యాప్‌టాప్, సెక్యూరిటీ డిపాజిట్ పేరుతో డబ్బు అడగడం
* కంపెనీ పేరుతో కాకుండా మామూలు జీమెయిల్ నుంచి మెయిల్ రావడం
* మొదటి రోజే ఓటీపీ, బ్యాంకు వివరాలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడగడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోని నంబర్‌కు మీరే ఫోన్ చేసి నిర్ధారించుకోండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబర్, స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా ఉంచుకోండి.

ఈ వారం ఏం చేయాలి?

ముందుగా ఎన్‌సీఎస్‌లో ప్రొఫైల్ పూర్తి చేయండి. తర్వాత మీ చదువుకు తగ్గ అప్రెంటిస్‌షిప్‌లు వెతికి, కనీసం ఐదింటికి దరఖాస్తు పెట్టండి. ఎక్కడ, ఏ తేదీన దరఖాస్తు చేశారో నోట్‌బుక్‌లో రాసుకోండి. వారం తర్వాత కూడా కబురు లేకపోతే ఒకసారి ఫోన్ చేసి అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.