పాతబస్తీ మెట్రో: పిల్లర్లు లేచేలోగా ఇంటి కాగితాలు సరిచూసుకోండి

జూబ్లీ బస్ స్టేషన్‌లో బయల్దేరే గ్రీన్ లైన్ మెట్రో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోతుంది. మూసీ దాటదు. 2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరినప్పుడు ఈ లైన్ ఫలక్‌నుమా వరకు వెళ్లాలి. 2017 నవంబర్‌లో మియాపూర్, అమీర్‌పేట్, నాగోల్ వైపు రైళ్లు మొదలయ్యాయి. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ వరకు వచ్చాయి. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు మాత్రం కాగితాల మీదే ఉండిపోయాయి. మస్జిద్‌లు, దర్గాలు దెబ్బతింటాయన్న అభ్యంతరాలు, రూటు మార్చాలన్న డిమాండ్లు, ఆస్తుల సేకరణలో జాప్యం, అన్నీ కలిసి పాతబస్తీ వాటా వెనకబడింది.

2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర ఫారూఖ్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత లైన్‌ను చాంద్రాయణగుట్ట వరకు పొడిగించారు. మొత్తం ఏడున్నర కిలోమీటర్లు, అంచనా వ్యయం 2,741 కోట్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, షంషీర్‌గంజ్, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా లైన్ వెళుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతో స్టేషన్లు ఉంటాయి గానీ రెండూ ఆ కట్టడాలకు సుమారు 500 మీటర్ల దూరంలోనే వస్తాయని మెట్రో అధికారులు చెబుతున్నారు. చాంద్రాయణగుట్టలో ఇది నాగోల్ నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లే ప్రతిపాదిత లైన్‌ను కలుస్తుంది.

లైన్ వస్తే లాభం ఉందా అంటే ఉంది. షంషీర్‌గంజ్‌లో ఉండే అమ్మాయి హైటెక్ సిటీలో ఉద్యోగానికి వెళ్లాలన్నా, పెద్దవాళ్లను పంజాగుట్ట నిమ్స్‌కు తీసుకెళ్లాలన్నా ఎంజీబీఎస్‌లో రైలు మారితే చాలు, లేదా అమీర్‌పేట్‌లో మరోసారి. ఆటో, బస్సు, మళ్లీ ఆటో అనే తిప్పలు తగ్గుతాయి. అయితే రైలు రావడం తర్వాతి మాట. ముందు వచ్చేది రోడ్డు విస్తరణ.

దారుల్‌షిఫా నుంచి శాలిబండ వరకు ఇప్పుడున్న రోడ్డు 50, 60 అడుగులు. అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట వరకు దాదాపు 80. దీన్ని 100 అడుగులు చేస్తారు, స్టేషన్లు వచ్చే చోట 120. పిల్లర్లు రోడ్డు మధ్యలో లేస్తాయి, రైలు పైన నడుస్తుంది. లెక్క సులువే: 50 అడుగుల రోడ్డు 100 కావాలంటే రెండు పక్కలా ఇరవై ఐదేసి అడుగులు పోవాలి. పాతబస్తీలో చాలా దుకాణాల లోతే అంత ఉండదు. అంటే ముందు గది పోవడం కాదు, దుకాణం మొత్తం పోవడం. ప్రభావితమయ్యే ఆస్తులు సుమారు 1,100 అని అధికారులు లెక్కగట్టారు. మతపరమైన, చారిత్రక కట్టడాలు 103 ఉన్నాయని, వాటిలో మస్జిద్‌లు, దర్గాలు, ఆషూర్‌ఖానాలు, చిల్లాలు, ఖబ్రస్థాన్లు, గుడులు ఉన్నాయని, పిల్లర్ల చోటు జరిపి, లైన్ వంపు మార్చి వాటిని కాపాడతామని చెప్పారు. వారసత్వ కట్టడాల విషయం హైకోర్టు దాకా కూడా వెళ్లింది.

కట్టడాల గురించి అడిగేవాళ్లు ఉన్నారు, అది మంచిదే. కుటుంబాల లోపలి సంగతి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. భూమికి చదరపు గజానికి 81,000 రూపాయలుగా ధర ప్రకటించారు, 2025 జనవరిలో మొదటి చెక్కులు ఇచ్చారు. ధర తక్కువా ఎక్కువా అన్న చర్చ జరుగుతూనే ఉంటుంది. కానీ పాతబస్తీలో అసలు చిక్కు ధర దగ్గర కాదు, చెక్కు మీద ఎవరి పేరు రాయాలన్న దగ్గర వస్తుంది.

ఇల్లు తాత పేరు మీద ఉంటుంది. తాత పోయి ముప్పై ఏళ్లు. నాన్న, ఇద్దరు చాచాలు, ఒక ఫూఫీ. ఎవరికి వారు ఒక్కో గదిలో సర్దుకుని బతుకుతుంటారు, పంపకం మాత్రం ఎప్పుడూ కాలేదు. ప్రాపర్టీ టాక్స్ పెద్ద చాచా పేరు మీద వస్తుంది కాబట్టి ఇల్లు ఆయనదే అనుకుంటారు. టాక్స్ రసీదు హక్కు పత్రం కాదు. ఆయన ఒక్కడే వెళ్లి సంతకం పెడితే, తర్వాత మిగిలినవాళ్లలో ఎవరు అభ్యంతరం చెప్పినా వ్యవహారం కోర్టుకెక్కుతుంది.

2013 భూసేకరణ చట్టంలో దీనికి దారి చూపించారు గానీ అది నిదానంగా నడిచే దారి. హక్కు మీద గానీ వాటాల మీద గానీ తగాదా ఉంటే కలెక్టర్ ఆ డబ్బు ఎవరికీ ఇవ్వడు. చట్టం కింద ఏర్పాటైన అథారిటీ దగ్గర జమ చేస్తాడు. గోడ కూలుతుంది, డబ్బు మాత్రం తగాదా తేలేదాకా అక్కడే ఉంటుంది.

వాటాలు ఎలా వస్తాయో ఒక ఉదాహరణ చూద్దాం. 60 గజాల నేల పోయిందనుకుందాం. గజానికి 81,000 చొప్పున 48,60,000 రూపాయలు. ఇంటి పెద్ద చనిపోయాడు, తల్లిదండ్రులు అంతకుముందే లేరు, అప్పులూ లేవు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు: 6,07,500. మిగిలిన 42,52,500ను ఆరు భాగాలు చేస్తే ఒక్కోటి 7,08,750. కూతురికి ఒక భాగం, కొడుకుకి రెండు. అంటే ఒక్కో కూతురికి 7,08,750, ఒక్కో కొడుకుకి 14,17,500. దారుల్‌షిఫా చుట్టుపక్కల షియా కుటుంబాలు ఎక్కువ. ఈ ఉదాహరణ వరకు లెక్క వారికీ ఇదే. పిల్లలు లేని భార్య విషయంలో, ఇంకొన్ని చోట్ల నియమాలు వేరు, తమ ఆలిమ్‌ను అడగడం మంచిది.

‘చెల్లెలు తన హిస్సా మాఫ్ చేసింది’ అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. పెళ్లప్పుడు ఖర్చు పెట్టాం కదా, ఇంకేం అడుగుతుంది అంటారు. పెళ్లి ఖర్చు విరాసత్ కాదు. నిజంగా ఇష్టంతో వదులుకుంటే ఆమె రిజిస్టర్ చేసిన విడుదల దస్తావేజు రాసివ్వాలి. నోటిమాట చెల్లదు. అయితే హిబా వేరు. ముస్లిం లాలో నోటిమాట హిబా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇస్తున్నానని చెప్పడం, తీసుకోవడం, స్వాధీనం ఇవ్వడం, ఈ మూడూ జరగాలి. జరిగాయని సాక్షులతో, కాగితాలతో రుజువు చేసుకోవాల్సిన బాధ్యత మాత్రం హిబా పొందినవారిదే. నోటరీ కాగితం మీద కొన్న ఇళ్లు పాతబస్తీలో లెక్కలేనన్ని. నోటరీ అమ్మకంతో హక్కు బదిలీ కాదు. అమ్మినవాళ్ల వారసులు వచ్చి చేయి చాచే ప్రమాదం అక్కడే ఉంది.

కిరాయిదార్ల మాటేమిటి? మూడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువగా అక్కడే ఉంటున్న, లేదా ఆ దుకాణం మీదే బతుకుతున్న కుటుంబాన్ని చట్టం ‘ప్రభావిత కుటుంబం’గానే చూస్తుంది, ఇంటి హక్కు లేకపోయినా సరే. చట్టంలోని రెండో షెడ్యూల్‌లో చిన్న దుకాణాలకు, చేతిపనివాళ్లకు ఒకసారి ఇచ్చే సాయం కనీసం 25,000. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిన కుటుంబానికి సామాను తరలింపు ఖర్చు 50,000, ఏడాది పాటు నెలకు 3,000. లక్షల్లో పగిడీ కట్టి వ్యాపారం చేస్తున్నవాళ్లకు ఇది చాలా తక్కువ. పగిడీకి చట్టంలో పద్దే లేదు. అయినా కిరాయి ఒప్పందం, కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్స్ ఉన్నవాళ్లు తమ క్లెయిమ్ రాసి ఇవ్వాలి. ఏమీ ఇవ్వకుండా ఊరుకుంటే వచ్చేది కూడా రాదు. వక్ఫ్ దుకాణాల్లో ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నేల తాలూకు సొమ్ము వక్ఫ్‌దే, ముతవల్లిది కాదు. వక్ఫ్ ఆస్తి తీసుకునేటప్పుడు బోర్డుకు నోటీసు ఇచ్చి వాదన వినాలి.

సంతకం పెట్టే ముందు రెండు మూడు సంగతులు చూడాలి. 81,000లో ఏమేం కలిశాయో, గోడలు, కప్పుకు వేరుగా ఎంత కట్టారో లెక్క కాగితం అడిగి తీసుకోవాలి. ఇంట్లో కొంత భాగమే పోయి మిగిలింది దేనికీ పనికిరాకుంటే మొత్తం ఇల్లు తీసుకోమని అడిగే హక్కు సెక్షన్ 94 ఇస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది: ధర నచ్చకపోయినా డబ్బు అవసరమై తీసుకునేవారు ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాతపూర్వకంగా ఇచ్చి తీసుకోవాలి. అలా రాయకుండా తీసుకుంటే పెంచమని అడిగే దారి మూసుకుపోతుంది. ఇష్టపూర్వక ఒప్పందం మీద సంతకం పెడితే కూడా వెనక్కి తిరగడం కష్టం. అవార్డు ప్రకటించే సమయంలో అక్కడ హాజరైనవారికి సెక్షన్ 64 కింద పెంపు కోరడానికి ఉండే గడువు ఆరు వారాలే.

ఆరు వారాలు ఎందుకు చాలవో నిజాం కాలపు దస్తావేజు పట్టుకుని తిరిగినవాళ్లకు తెలుసు. అది ఉర్దూలోనో, ఫార్సీలోనో ఉంటుంది. అధికారికి తర్జుమా కావాలి. నంబరు అరిగిపోయి ఉంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలు వెతికించాలి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు పెట్టాలి, సౌదీలోనో అమెరికాలోనో ఉన్న తమ్ముడు కాన్సులేట్‌కు వెళ్లి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. నోటీసు తలుపు మీద అంటించక ముందే ఈ పని మొదలుపెట్టిన ఇళ్లలో అన్నదమ్ములు ఇంకా ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటున్నారు.