నిప్పు వదిలేసిన చిన్న కాగితం!

సినిమాల్లో విలన్ గోడౌను తగలబెట్టడం మనకు కొత్తేం కాదు. పెట్రోలు డబ్బా, అగ్గిపుల్ల, ఆకాశాన్నంటే మంటలు... ఫైరింజన్ గంట వినబడగానే సీను కట్! నిజజీవితంలో పరిశోధకుడి పని మొదలయ్యేది మాత్రం మంటలు ఆరాకే. హత్య జరిగిన చోట కత్తి అయినా మిగులుతుంది. ఇక్కడ నేరస్థుడు వదిలిన సాక్ష్యాన్ని నిప్పే తినేస్తుంది. మిగిలింది ఫైరువాళ్ల నీళ్లలో కొట్టుకుపోతుంది!

అలా తినగా మిగిలిన కాగితం ముక్క ఓ ఘరానా నేరస్థుణ్ణి పట్టించిన కథే 2002లో హెచ్.బి.ఓ. వారి ‘పాయింట్ ఆఫ్ ఆరిజిన్’ చిత్రం. ప్రధాన పాత్ర రే లియోటాది. కల్పన కాదు సుమా, కాలిఫోర్నియాలో జరిగిన యథార్థం!

1984 అక్టోబర్ 10. సౌత్ పాసడెనాలో ‘ఓలీస్’ అనే పెద్ద దుకాణం తగలబడింది. ఇద్దరు ఉద్యోగులు, ఒక బామ్మ, ఆవిడ రెండేళ్ల మనవడు ఆహుతయ్యారు. మర్నాడే అధికారులు ‘కరెంటు వల్ల ప్రమాదం’ అని తేల్చేశారు. ‘కాదు, ఎవరో కావాలనే పెట్టారు’ అని గట్టిగా వాదించినవాడు ఒకడున్నాడు. దగ్గర్లోని గ్లెండేల్ అగ్నిమాపక శాఖ పరిశోధకుడు జాన్ ఆర్. ఆయన మాట చెల్లలేదు.

1987 జనవరి. ఫ్రెస్నోలో ఇలాంటి పరిశోధకుల మహాసభ. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల ఊళ్లలో దుకాణాలు వరసగా అంటుకున్నాయి. బేకర్స్‌ఫీల్డ్‌లో ఎండుపూల తొట్టిలోంచి అగ్నిమాపక అధికారి మార్విన్ కేసీ చేతికి ఒక వస్తువు వచ్చింది. సిగరెట్టు, మూడు అగ్గిపుల్లలు, రబ్బరు బ్యాండు, చుట్టూ పసుపుపచ్చ రూళ్ల కాగితం. సిగరెట్టు కాలుతూ పుల్లల దాకా వచ్చేసరికి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు!

ఇలాంటిది కనబడగానే గభాల్న చేత్తో తీశారో, కేసు గోవిందా! ముందు ఉన్నచోటే ఫోటో. పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో. గది పటం గీసి, ఏ గోడకు ఎంత దూరమో రాయాలి. కాగితాన్ని కాగితపు కవర్లోనే వెయ్యాలి. పెట్రోలు, కిరోసిన్ అనుమానమున్న బూడిదనైతే కొత్త రేకు డబ్బాలో వేసి గాలి చొరకుండా మూత బిగించాలి. మామూలు ప్లాస్టిక్ సంచిలో వేస్తే ఆవిరి కాస్తా జారుకుంటుంది. పోల్చి చూడ్డానికి, అనుమానం లేని చోటినుంచి కూడా ఒక ముక్క తీయాలి. ప్రతిదానికీ చీటీ! ఎవరు తీశారు, ఎప్పుడు, ఎవరి చేతికిచ్చారు... అన్నీ సంతకాలతో. ఈ గొలుసులో ఒక్క లంకె ఊడినా డిఫెన్సు లాయరు చీల్చి చెండాడతాడు.

కేసీకి దొరికిన కాగితం మీద ఒక వేలిముద్ర తేలింది. ఎవరిది? 1989లో పసిఫిక్ గ్రోవ్‌లో మరో మహాసభ... మళ్లీ ఆ దారిలో మంటలు! రెండు సభలకూ వెళ్లినవాళ్లు పదిమంది. కేసీ అనుమానం తన వృత్తివాళ్ల మీదికే మళ్లింది. ముద్రలు పోల్చారు. కలవలేదన్నారు! అయినా కాగితం భద్రంగానే ఉంది. 1991లో మళ్లీ పోలిస్తే కలిసింది. ఎవరితోననుకున్నారు? సాక్షాత్తూ జాన్ ఆర్‌తో!

అప్పటికే ఆయన ఒక నవల రాసి పెట్టుకున్నాడు. అందులో నిప్పు పెట్టేవాడు అగ్నిమాపక ఉద్యోగే! ఓలీస్ లాంటి దుకాణం, చనిపోయే పసివాడు కూడా అందులో ఉన్నారు. ఆ రాతప్రతి కోర్టులో సాక్ష్యమైంది. తాను నిర్దోషినంటూనే వచ్చాడాయన. 1992లో 30 ఏళ్ల జైలు, 1998లో ఓలీస్ హత్యలకు విడుదల లేని యావజ్జీవం పడ్డాయి.

కాగితం ముక్కను నాలుగేళ్లు దాచినందుకు దొంగ దొరికాడు. ఒక్క రోజులో ‘తేల్చేసిన’ నలుగురి చావు తేలడానికి మాత్రం పద్నాలుగేళ్లు పట్టింది!