వలలో పడే రొయ్య, చెరువులో పెరిగే రొయ్య

సముద్రానికి ఇంత దూరాన ఉన్న మన భద్రావతిలో కూడ, కోస్తానుండి చుట్టాలు వచ్చిననాడు సంచిలో ఎండు రొయ్యల పొట్లం ఉండక మానదు. వాటిని గోంగూరలో వేసిననాడు ఆ వాసన వీధి చివరవరకు పోతుంది గదా! "ఇవి సముద్రం రొయ్యలేనా?" అని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక పెద్ద కథ ఉన్నది.

ఒకప్పుడు మన రేవులలో రొయ్య చవక తిండి. 1953లో కేరళలోని నీండకరలో నార్వే దేశపు సహాయంతో మరపడవల పని మొదలైనది. తరువాత ట్రాలు వలలు వచ్చినవి. రొయ్య మంచుగడ్డలలో ఓడలెక్కి డాలర్లు తెచ్చింది. కాకినాడ, విశాఖపట్నం రేవులలోను మరపడవలు పెరిగినవి. అయితే ఆ వల సముద్రపు అడుగును ఊడ్చుకొని పోతుంది. రొయ్యతోపాటు పిల్లచేపలు, తాబేళ్లు కూడ చిక్కుతాయి. తాబేళ్లు తప్పించుకొనే దారి వలలో లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపివేసినది.

ఇతర దేశాల సంగతి చూడండి. కెనడాలో 1992లో కాడ్ చేపల వేట నిలిపివేశారు. వాటిని తినే చేప తగ్గిపోగా అక్కడ రొయ్యలు, పీతలు విరివిగా దొరికినవి. కొన్నేళ్లకు రొయ్యలూ తగ్గినవి. అలాస్కాలో నీరు వేడెక్కి, 2018 తరువాత మంచుపీతలు వందల కోట్లు మాయమైనవి. 2022లో ఆ వేటను మొదటిసారి మూసివేశారు. అర్జెంటీనాలో మాత్రం 2010 తరువాత ఎర్రరొయ్య బాగా పెరిగింది. ఒకచోట పెరుగుట, మరొకచోట తరుగుట: సముద్రం ఎవరి మాటా వినదు.

ప్రపంచం మొత్తంమీద వేటలో దొరికే జలచరాలు ముప్పయి ఏళ్లకు పైగా ఎనిమిది తొమ్మిది కోట్ల టన్నుల దగ్గరే ఆగినవి. 2022లో పెంపకం వేటను మించిపోయినది. నేడు బజారులో కనిపించే రొయ్యలో ఎక్కువ భాగం భీమవరం వంటి చోట్ల చెరువులలో పెరిగినదే.

మరి వేటను నమ్ముకొన్న గంగపుత్రుల మాటేమిటి? తూర్పు తీరంలో ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 రోజులు మరపడవలు ఒడ్డుననే ఉండాలి. ఆ కాలానికి ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైనది. రెండు నెలలు ఇల్లు గడుచుటకు అది చాలునా అన్నది గృహిణులు లెక్క వేయగలరు. కాని ఆ విరామంలోనే చేపలు, రొయ్యలు గ్రుడ్లు పెట్టి సంతతిని పెంచుకొంటాయి.

పొలానికి బీడు విడిచినట్లే సముద్రానికీ విశ్రాంతి కావాలి. ఈసారి చుట్టాలు పొట్లం విప్పినప్పుడు, ఆ రొయ్య రుచితోపాటు దానికోసం ఒడ్డున కాచుకొని కూర్చున్న వారిని కూడ ఒకసారి తలచుకొందాము.