పొలెంతా తిన్న ఊళ్ళలో

ఇటలీ వంట అంటే మా మనవరాలికి పిజ్జా, పాస్తా, వాటి మీద కరిగే చీజ్. ఇవాళ్టి ఇటలీకి అది నిజమే. కానీ తల్లీ, ఓ నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి ఉత్తర ఇటలీలో వెనెతో, లొంబార్దీ పల్లెల్లో కూలివాళ్ళ ఇంట్లోకి తొంగిచూస్తే గోధుమ రొట్టె అరుదుగా కనబడేది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పొలెంతాయే. మరుగుతున్న నీళ్ళలో మొక్కజొన్న పిండి పోసి, రాగి బానలో పొడుగాటి కర్రతో ముప్పావుగంట గెలుకుతారు, మన సీమలో రాగిసంకటి గెలికినట్టే. గట్టిపడ్డాక చెక్క పలక మీద గుమ్మరించి, దారంతో ముక్కలు కోసి ఇంటిల్లిపాదికీ పంచుతారు. దూలానికి ఒక ఉప్పుచేపను వేలాడదీసి, అందరూ తమ పొలెంతా ముక్కను దానికి ఒకసారి రాసుకుని తినేవాళ్ళని ఆ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. చేప తినడానికి కాదు, వాసనకి!

మొక్కజొన్న వాళ్ళ సొంత పంట కాదు. కొలంబస్ ప్రయాణాల తర్వాత అమెరికా ఖండం నుంచి వచ్చింది. పదహారో శతాబ్దంలోనే వెనెతో పొలాల్లో నాటుకుంది. అదే నేలలో గోధుమ కంటే ఎక్కువ పండేది. భూస్వామికి ఇంతకంటే ఏం కావాలి? గోధుమ అమ్మకానికి పోయింది, కౌలుకీ పోయింది. పండించినవాడి కడుపుకి మొక్కజొన్న మిగిలింది. కరువు రోజుల్లో అది ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టిందనేది కూడా నిజం. ఆ మేలు మరచిపోకూడదు.

చలికాలమంతా పొలెంతాతో గడిపి వసంతంలో పొలం పనికి దిగగానే చిత్రమైన జబ్బు బయటపడేది. ఎండ తగిలినచోట, అంటే చేతుల వెనక, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం ఎర్రబడి, తర్వాత నల్లబడి, పొలుసులుగా రాలేది. పిమ్మట నీళ్ళ విరేచనాలు, నోటిపూత, నీరసం. ఏళ్ళ తరబడి అలాగే సాగితే మతి చలించేది. ఆఖరికి ప్రాణం పోయేది. దీన్ని పెలాగ్రా అంటారు. 1735లో స్పెయిన్‌లో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు పేదరైతుల్లో దీన్ని గుర్తించాడు. మెడ చుట్టూ వచ్చే ఆ మచ్చల వరసని వైద్య విద్యార్థులు ఇప్పటికీ కసాల్ కంఠహారం అనే నేర్చుకుంటారు. పెలాగ్రా అన్న పేరుని 1771లో అచ్చులోకి తెచ్చినవాడు మిలాన్ డాక్టర్ ఫ్రాపొల్లి. జర్మన్ కవి గోథే 1786లో ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీలో అడుగుపెట్టినప్పుడు అక్కడి మనుషుల పాలిపోయిన ముఖాలు చూశాడు. వాళ్ళ మొక్కజొన్న తిండే దీనికి కారణమై ఉంటుందని ప్రయాణపు రాతల్లో రాసుకున్నాడు. డాక్టరు కాడు, అయినా చూపు పడాల్సిన చోటే పడింది.

1881 నాటి లెక్కల్లో ఇటలీలో పెలాగ్రా రోగులు సుమారు లక్షమంది తేలారు. వెనిస్ దగ్గరి దీవుల్లోని పిచ్చాసుపత్రులు ఈ జబ్బుతో మతిపోయిన రైతులతో, రైతు స్త్రీలతో నిండిపోయాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆ ఆసుపత్రుల్లో కాస్త మాంసం, పాలు, గోధుమ రొట్టె తింటే చాలామంది తేరుకునేవాళ్ళు. ఇంటికి పంపితే మళ్ళీ పొలెంతా, మళ్ళీ వసంతంలో అదే జబ్బు.

మరి కారణం ఏమిటి? 1810లో మర్జారి అనే ఇటలీ వైద్యుడు, మొక్కజొన్న తిండిలో ఏదో కొరత ఉందన్నాడు. సరైన దారి అది. కానీ శతాబ్దం చివరికి గట్టిగా నిలబడినది చేజరే లొంబ్రోజో వాదం. చెడిపోయిన, బూజుపట్టిన మొక్కజొన్నలో విషం పుడుతుందనీ, అదే పెలాగ్రా తెస్తుందనీ ఆయన వాదించాడు. దానికి పలుకుబడి దొరకడంలో ఆశ్చర్యం లేదు. తప్పు గింజది అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. తప్పు చాలీచాలని కూలిరేట్లది అంటే భూస్వాములు ఒప్పుకోరు కదా!

1902లో ఇటలీ ప్రభుత్వం పెలాగ్రా మీద ప్రత్యేకంగా చట్టమే చేసింది. చెడిన మొక్కజొన్న అమ్మకూడదు, మర పట్టకూడదు. గింజలు ఎండబెట్టే పొయ్యిలు కట్టాలి. రోగులకు మంచి తిండి పెట్టాలి. మొదటి రెండూ లొంబ్రోజో వాదం నుంచి పుట్టినవి. మూడోది మాత్రం ఆ వాదం తప్పైనా పనిచేసే మందు. పేదరోగికి రొట్టె, మాంసం పెట్టిన భోజనశాలలు మేలు చేశాయి. అప్పటికే కూలీల కుటుంబాలు లక్షలాదిగా బ్రెజిల్, అర్జెంటీనా, అమెరికాలకు వలసపోతున్నాయి. వాళ్ళు పంపే డబ్బు ఇంటికొస్తోంది. కూలిరేట్లు కాస్త పెరుగుతున్నాయి. పళ్ళెంలో పొలెంతా పక్కన మరొకటి చేరింది. జబ్బుకి అసలు కారణం తేలకముందే ఇటలీలో పెలాగ్రా తగ్గుముఖం పట్టింది.

ఇదే కాలంలో, 1891లో, ఫ్లోరెన్సులో స్థిరపడిన డెబ్బయ్యొక్కేళ్ళ పెల్లెగ్రీనో ఆర్తూజీ సొంత డబ్బుతో ఒక వంటల పుస్తకం అచ్చేశాడు. మొదటి కూర్పులో 475 వంటకాలు. ఆయన పోయే నాటికి 790 అయ్యాయి. ఇటలీ ఇళ్ళన్నిటికీ ఒక ఉమ్మడి వంట భాషను ఇచ్చిన గొప్ప పుస్తకమది. కాకపోతే అది వంట సామాన్లు కొనగలిగిన ఇళ్ళ కోసం. 1930 డిసెంబరులో కవి మరినెట్టి వచ్చి, పాస్తా తినడం వల్లే జాతి మందగిస్తోందనీ, పాస్తా మానెయ్యాలనీ పత్రికలో ప్రకటించాడు. ఆ ప్రకటన కూడా ఆహార సంస్కరణ అనే పిలిపించుకుంది. రోజూ పాస్తా తినే భాగ్యమే లేని రైతులు ఆ దేశంలో ఎందరున్నారో తెలిసినవాడు రాసే మాటలు కావవి.

ఇక అసలు రహస్యం దగ్గరికి వద్దాం. అది అమెరికాలో తేలింది. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో కూడా పేదలు మొక్కజొన్న తిని పెలాగ్రాతో పోయేవాళ్ళు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరుని పంపింది. అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రుల్లో ఆయన గమనించిందేమిటంటే, లోపల ఉన్నవాళ్ళకి జబ్బు వస్తోంది, వాళ్ళతోనే మెలిగే సిబ్బందికి రావడం లేదు. అంటువ్యాధి అయితే ఇలా మనిషిని చూసి రాదు. పాలు, గుడ్లు, మాంసం పెట్టించగానే పిల్లలకి నయమైంది. అయినా అంటురోగమే అని పట్టుబట్టినవాళ్ళ నోరు మూయించడానికి ఆయనా, భార్యా, మిత్రులూ రోగుల రక్తాన్ని తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. ఒక్కరికీ జబ్బు రాలేదు. లోపించిన పదార్థం ఏదో తేలకుండానే 1929లో ఆయన చనిపోయాడు. 1937లో ఎల్వెహ్యెమ్ అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాడు. అదే నయాసిన్, బి3 విటమిన్.

మన ఒంట్లో ప్రతి కణం తిండిని శక్తిగా మార్చుకోవడానికి నయాసిన్ కావాలి. చర్మమూ పేగుల లోపలి పొరా నిత్యం కొత్తబడుతూ ఉంటాయి, మెదడుకి శక్తి ఆగకుండా కావాలి. అందుకే దెబ్బ ముందు ఆ మూడుచోట్లా తగులుతుంది. అయితే మొక్కజొన్నలో నయాసిన్ లేకపోలేదు. ఉంది, కానీ గింజలోని పీచు పదార్థంతో గట్టిగా అతుక్కుని ఉంటుంది. మన పేగులు దాన్ని విడదీయలేవు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దొరికితే ఒళ్ళే దాంతో నయాసిన్ చేసుకుంటుంది. అరవై మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కి ఒక మిల్లీగ్రాము నయాసిన్ తయారవుతుందని లెక్క. పాలలో నయాసిన్ తక్కువే అయినా పెలాగ్రా తగ్గడానికి కారణం వాటిలోని ట్రిప్టోఫానే. పాపం, మొక్కజొన్న మాంసకృత్తుల్లో అదీ కొరతే.

మరి వేల ఏళ్ళుగా మొక్కజొన్న తిన్న మెక్సికో వాళ్ళకి ఎందుకు రాలేదు? వాళ్ళు గింజని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. సున్నపు క్షారం ఆ నయాసిన్ ముడి విప్పేస్తుంది. పైగా వాళ్ళ భోజనంలో చిక్కుళ్ళు కూడా ఉంటాయి. యూరపు వాళ్ళు సముద్రం దాటించి విత్తనం తెచ్చుకున్నారు, దాన్ని వండే పద్ధతిని అక్కడే వదిలేశారు.

ఈ కథలో మన నేలకీ ఒక అధ్యాయం ఉంది. దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తినే పేదల్లోనూ పెలాగ్రా కనిపించింది. జొన్నలో నయాసిన్ అంత తక్కువేమీ కాదే, మరి ఎందుకిలా అని హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ గోపాలన్, శ్రీకంఠయ్య శోధించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మరీ ఎక్కువగా ఉండి, ఒంట్లో నయాసిన్ తయారీకి అడ్డుపడుతోందని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ వాదం మీద తర్వాత చాలా చర్చ జరిగింది, అందరూ ఏకీభవించలేదు. కానీ రోగుల పళ్ళెంలో ఒకే ధాన్యం ఉందన్న సంగతిలో మాత్రం వివాదం లేదు.

ఇప్పుడు జొన్నరొట్టె మళ్ళీ ఊళ్ళోనూ నగరంలోనూ గౌరవంగా తింటున్నారు. నాకు సంతోషమే, నేనూ తింటాను. రొట్టె పక్కన పప్పో, గుడ్డో, గ్లాసెడు మజ్జిగో పెట్టుకోండి. వేరుశనగ పచ్చడి మాత్రం మరచిపోకండి. వేరుశనగలో నయాసిన్ బాగా ఉంటుంది, ఏ బీదింటి వాళ్ళకైనా అందుబాటులో ఉంటుంది.