కనుబొమ్మ కింద కంతి

పెళ్లి ఆల్బమ్, పాత ఆధార్ కార్డు, పదో తరగతి హాల్ టికెట్. కన్ను చూపించుకోవడానికి వెళుతూ ఇవన్నీ ఎందుకనిపిస్తుంది. కానీ ఒక కన్ను కాస్త ముందుకొచ్చి, కిందికీ ముక్కువైపుకీ జరిగినట్టుంటే డాక్టరు అడిగేవాటిలో పాత ఫొటోలు ముందుంటాయి. ఆ తేడా ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు. రోజూ చూసే మొహం కదా!

కన్నీటి గ్రంథి ఎక్కడుందంటే చాలామంది ముక్కు పక్కన వేలు పెడతారు. అక్కడున్నది నీళ్లు పోయే దారి. నీళ్లు ఊరేది పైన, కనుబొమ్మ బయటి కొసన, ఎముక చాటున. ఆ గ్రంథి బాదంగింజంత ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. జీడిపప్పుకి పేరున్న పలాస వాళ్లకి జీడిపప్పంత అంటే చాలు. అక్కడ ఊరిన నీరు కన్నంతా తడిపి, రెప్పల అంచున ముక్కువైపుండే సన్నటి రంధ్రాల్లోకి దిగి, కన్నీటి తిత్తి మీదుగా ముక్కులోకి పోతుంది. కంట్లో వేసిన మందు చేదు గొంతులో తెలిసేది అందుకే.

పైనున్న ఈ గ్రంథి కణజాలంలో పుట్టే, క్యాన్సర్ కాని కంతుల్లో ముఖ్యమైనది ప్లియోమార్ఫిక్ అడినోమా. ఎక్కువగా నడివయసు వాళ్లలో వస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, సాధారణంగా నొప్పి ఉండదు. 'నొప్పి లేదు గదా, పంటలయ్యాక చూద్దాం' అని వాయిదా వేయడం అందుకే సులువు. సీటీ స్కాన్‌లో కంతి ఒత్తిడికి ఎముక నున్నగా గుంటపడి కనిపిస్తుంది. నొప్పి, తిమ్మిరి, నెలల్లోనే పెరగడం, ఎముక కొరికేసినట్టుండడం ఉంటే మాత్రం క్యాన్సర్‌ని అనుమానించాలి. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

కంతి అనగానే ముక్క తీసి పరీక్షకి పంపాలన్నది అందరికీ అలవాటైన మాట. ఈ ఒక్క కంతి విషయంలో ఆ అలవాటే ముప్పు తెస్తుంది. దాని చుట్టూ పలచటి పొర ఉంటుంది. పొర తెగితే కణాలు పక్క కండలో పడి మళ్లీ మొలుస్తాయి. కొన్ని ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారనూ వచ్చు. అమెరికాలో ఫాంట్, గేమెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో లెక్క తేల్చారు: పొరతో సహా మొత్తం తీసినవాళ్లలో అయిదేళ్లలోపు తిరగబెట్టింది 3 శాతం మందికి, ముందు ముక్క తీసినవాళ్లలో 32 శాతం మందికి. అందుకే స్కాన్, లక్షణాలు దీన్నే చూపిస్తున్నప్పుడు మొదటిసారే మొత్తంగా, చెక్కుచెదరకుండా తీయాలంటారు. గ్రంథి వాపో, లింఫోమా అనే క్యాన్సరో అనిపిస్తే ముక్క తీయాల్సి రావచ్చు. ఆ తేడా కనిపెట్టగలిగిన డాక్టరు కావాలి.

గ్రంథి నాళం ఉబ్బి నీటితిత్తి కట్టడం ఇంకో రకం వాపు. పై రెప్ప ఎత్తితే బయటి మూల నీలిరంగు బుడగలా మెరుస్తుంది. ఏడ్చినప్పుడు పెద్దదవుతుంది కూడా! భయపడాల్సిందేమీ లేదు.

ముక్కువైపు ఉండే కన్నీటి తిత్తిలో కంతులు అరుదు. వాటిలో పాపిలోమా లాంటి హానిలేనివీ ఉన్నాయి, కానీ ప్రమాదకరమైనవే ఎక్కువ. నొక్కితే చీము వచ్చే మామూలు వాపు వేరు. నొక్కినా తగ్గని గడ్డ, కన్నీటిలో నెత్తురు ఉంటే కంతిని అనుమానించాలి. కన్నీరు పోయే ఈ దారి జబ్బుల మీద పరిశోధనకే 2019లో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి భట్నాగర్ పురస్కారం వచ్చింది.

మన శ్రీకాకుళం ఊళ్లలో కంటి శిబిరం అంటే శుక్లాలే. అక్కడే ఈ వాపు కూడా చూపించి, కన్ను చుట్టూ భాగాలకి ఆపరేషన్ చేసే ఓక్యులోప్లాస్టీ డాక్టరుకి రాయమని అడగండి. ఇచ్ఛాపురం వాళ్లకి ఒడిశాలోని బరంపురం దగ్గరవుతుంది. మిగతావాళ్లకి విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, 2006 నుంచి ఎల్వీ ప్రసాద్ వారి జీఎంఆర్ వరలక్ష్మి ప్రాంగణమూ ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. ఈ ఆపరేషన్‌కి అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను ముందే అడగాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లకి ఇంకో మాట: స్కాన్‌కి రంగుమందు ఎక్కించే ముందు కిడ్నీ సంగతి తప్పకుండా చెప్పండి.

గ్రంథి తీసేసినా కన్ను పూర్తిగా ఎండిపోదు, రెప్పల లోపలి చిన్న గ్రంథులు తడి అందిస్తూనే ఉంటాయి. కొందరికి చుక్కల మందు కావాలి. కంతి ఇరవై ఏళ్ల తర్వాతా తిరిగి రావచ్చు. అప్పటికి మనిషి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉండొచ్చు. వలసవెళ్లే సంచీలో ఆపరేషన్ కాగితం, పేథాలజీ రిపోర్టు రేషన్ కార్డు పక్కనే పెట్టుకోవాలి.