మెత్తని పగడాలను పట్టే చీడలు

జహీరాబాదు చుట్టుపట్ల కంది పండించే రైతుకు చీడ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కాయ తొలిచే పచ్చపురుగు కనిపించినప్పుడు మొక్కల కింద దుప్పటి పరచి, కొమ్మలను దులిపి, రాలిన పురుగులను ఏరివేసే పద్ధతి ఈ మెట్ట ప్రాంతాలలో ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, తీరానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఇటువంటి ఊరిలో ఎవరైనా గాజుతొట్టిలో చిన్న సముద్రాన్ని ఏర్పరచుకొని పగడాలను పెంచదలచితే, వారికి ఎదురయ్యే చిక్కు కూడా ఇటువంటిదే. కాని ఒక భేదం ఉన్నది. పొలంలో చల్లిన మందును గాలి, వాన, నేల కొంతవరకు పలుచన చేస్తవి. నూరు లీటర్ల తొట్టిలో పడిన మందు బయటికి పోవడానికి దారి లేదు. చీడను చంపబోయి తొట్టిలోని ప్రాణులన్నిటినీ పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది.

పగడం మొక్క కాదు, రాయీ కాదు, అది జంతువు. హైడ్రా, జెల్లీచేపలు చేరిన నిడేరియా వర్గానికే చెందినది. దిబ్బలను కట్టే గట్టి పగడాలు సున్నపు గూడును నిర్మించుకొంటవి. మెత్తని పగడాలకు ఆ గూడు లేదు; తోలువంటి కండలో సన్నని సున్నపు ముళ్ళు మాత్రం చెదరి ఉంటవి. ఒక్కొక్క పాలిప్‌కు ఈకలవంటి స్పర్శకాలు ఎనిమిది ఉండటం వీటి గుర్తు. పుట్టగొడుగు ఆకారపు సార్కోఫైటాన్, వేళ్ళు చాచినట్లుండే సిన్యులేరియా, గుప్పిళ్ళు తెరచి మూసినట్లు కదలాడే జీనియా తొట్లలో ఎక్కువగా పెంచే రకాలు. వీటి కణాలలో ఏకకణ శైవలాలు నివసించి, వెలుతురులో ఆహారాన్ని తయారుచేసి యజమానికి పంచి ఇస్తవి. కనుక పగడానికి వెలుతురు అందకుండా అడ్డుపడటం దాని నోటి దగ్గరి కూడు తీయడమే.

గూడు లేని ఈ జీవికి రక్షణ ఏది? టెర్పీన్లనే చేదు రసాయనాలు. వాటివల్ల చాలా చేపలు దీనిని నోట పెట్టవు. అయితే వేపచెట్టుకు సయితం పురుగు పట్టడం లేదా? ఫిల్లోడెస్మియం అనే పెంకులేని సముద్రపు నత్త మెత్తని పగడాలనే తిని బ్రతుకుతుంది. తిన్న పగడంలోని శైవలాలను అరిగించుకోక, తన వీపుమీది వ్రేళ్ళవంటి పొడవాటి భాగాలలో సజీవంగా నిలుపుకొని, అవి తయారుచేసే ఆహారాన్ని కూడా అనుభవిస్తుంది. పగడపు చేదును సయితం తన రక్షణకు వాడుకొంటుంది. ఈ జాతులలో ఒకటి తాను తినే జీనియాను రంగులోను రూపంలోను ఎంతగా పోలి ఉంటుందంటే, కళ్ళముందే ఉన్నా అది నత్త అని పోల్చుకోవడం కష్టం. దొంగతనం, మారువేషం రెండూ ఒకే జీవిలో చేరినవి.

కోడిగుడ్డువలె తెల్లని పెంకు, నల్లని చర్మం గల ఓవులా గవ్వ ఇంత గుట్టుగా ఉండదు గాని, సార్కోఫైటాన్‌ను తినడంలో దానికి సాటి. వామినోవా అనే గోధుమరంగు చదును పురుగులు మరొక తరహా. ఇవి పగడాన్ని కొరికి తినేవి కావు. దాని జిగురును ఆశ్రయించి ఒంటినిండా పరచుకొని వెలుతురును కప్పివేస్తవి. చివర మూడు తోకలు గల ఎర్రని కాన్వొల్యూట్రిలోబా మొగ్గలు తొడిగి వేగంగా పెరుగుతుంది. అన్నీ ఒక్కసారి చస్తే వాటి దేహాలలోని విషం నీటిలో కలిసి చేపలను కూడా చంపగలదు. అందువల్ల మందు వేయడానికి ముందు సన్నని గొట్టంతో వీలయినన్నింటిని పీల్చివేయవలెను.

కనిపించినదంతా చీడ కాదని గూడా గుర్తించాలి. సార్కోఫైటాన్ అప్పుడప్పుడు పాలిప్‌లను ముడుచుకొని, మైనంవంటి పొరను కప్పుకొని, కొన్ని రోజులకు ఆ పొరను విడిచివేస్తుంది. పాము కుబుసం విడిచినట్లే. అది జబ్బు కాదు. కొత్తవారు కంగారుపడి మందులు పోసేది తరచు ఈ దశలోనే.

నిజంగా చీడ పట్టినప్పుడు పగడాన్ని వేరే పాత్రలోకి మార్చి, ఉప్పునీటిని పిచికారీతో గట్టిగా కొట్టడం మొదటి పని. కంది కొమ్మను దులపడం వంటిదే ఇది. తరువాత అదే వెచ్చదనం గల ఉప్పునీటిలో అయోడిన్ ద్రావణాన్ని సీసామీది కొలత మేరకు కలిపి కొద్ది నిమిషాలు ముంచుతారు. గొర్రెలకు నులిపురుగులు పోవడానికి పట్టే లెవామిసోల్‌ను వాడేవారు కూడా ఉన్నారు. మంచినీటిలో ముంచడం మరొక పద్ధతి. ఆస్మాసిస్ చేత నీరు పురుగు కణాలలోకి చొరబడి వాటిని పగలగొడుతుంది. పగడపు కణాలకూ అదే గతి పట్టవచ్చును. జీనియా వంటి సుకుమారానికి ఈ స్నానం పనికిరాదు. ముంచిన నీటిని ఎన్నడూ పెద్ద తొట్టిలో పోయరాదు.

ఈ స్నానాలు పెద్ద పురుగులను రాల్చగలవే గాని గుడ్లను చంపలేవు. జిగురులో చుట్టలుగా పెట్టిన నత్తగుడ్లు చెక్కుచెదరక ఉండి, కొన్ని రోజులకు పొదుగుతవి. అందుచేత వారానికొకసారి చొప్పున మూడు నాలుగు పర్యాయాలు ముంచడం, మధ్యమధ్య భూతద్దంతో అడుగుభాగాన్ని వెదకి గుడ్లను గీకివేయడం అవసరం.

చెరకు తోటలలో కాండం తొలిచే పురుగుమీదికి ట్రైకోగ్రామా పరాన్నజీవిని వదలినట్లే, తొట్టిలోనూ శత్రువుకు శత్రువును వదలవచ్చును. నీలిచారల కెలిడొన్యూరా అనే సముద్రపు నత్త ఎర్రని చదును పురుగులను వెదకి తింటుంది. కాని అవి అయిపోయిన తరువాత దానికి తిండి లేదు, ఆకలితో చస్తుంది. కొని తెచ్చేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

చీడలు తొట్టిలోకి ఎట్లా వస్తవి? కొత్త పగడం వెంట, అది అంటుకొని ఉన్న రాయి వెంట. జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళను వాటిమీది జీవాలతో సహా తొట్టిలో ఉంచి, గాలి బుడగలు మాత్రమే పంపే పద్ధతిని 1961లో ఒక అమెరికన్ మాసపత్రికలో వివరించాడు. నేటి పగడపు తొట్లకు అదొక మూలం. రాతితో మేలుచేసే సూక్ష్మజీవులు వచ్చినట్లే చీడలూ వస్తవి. సముద్రంనుంచి పగడాలను పెరికి తేవడం అసలే తప్పు. గట్టి పగడాలు, సముద్రపు విసనకర్రలు భారతదేశంలో 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నవి. మెత్తని పగడాన్ని కత్తితో కోసి ముక్కనుంచి పెంచవచ్చును గనుక, తొట్లలో పెరిగినదాని ముక్కనే తెచ్చుకోవాలి.

తెచ్చిన ముక్కను నాలుగు నుంచి ఆరు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచవలెను. బోరునీటిలో కరిగిన లవణాలు ఉంటవి గనుక శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు లవణ మిశ్రమం కలపాలి. ఆవిరయిన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు గదా. ఎండాకాలంలో నీరు 24 నుంచి 27 సెల్సియస్ డిగ్రీల మధ్య నిలిచేట్లు చూడాలి. చాలా నత్తలు రాత్రివేళ మేతకు వస్తవి గనుక దీపం ఆర్పిన గంట తరువాత ఎర్రని వెలుతురులో వెదకడం మంచిది. గడువు ముగిసిన తరువాత కూడా ముక్కను పాత రాతినుంచి విడదీసి, కొత్త రాతిమీద నిలబెట్టి, పాత రాతిని పారవేయవలెను. గుడ్లు ఎక్కువగా ఉండేది ఆ రాతి అడుగుననే.